తిత్తికి ముందు కొలిమి

అడవి అంచు పల్లెలలో కమ్మరి కొలిమిని దగ్గరగా చూచినవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. నిప్పు రాజుకొన్న తరువాత కమ్మరి తిత్తి ఊదడం మొదలుపెడతాడు. గాలి తగిలినకొద్దీ బొగ్గులు ఎర్రబారి, పిమ్మట పసుపు తిరిగి, కడకు కన్ను చెదిరే తెల్లని కాంతి ఇస్తాయి. బొగ్గు అదే, ఇనుము అదే, పెరిగినదల్లా గాలి. అయితే అనుభవశాలి అయిన కమ్మరి తిత్తి మీద చేయి వేయకముందే కొలిమి గోడను తడిమి చూస్తాడు. ఎక్కడైనా బీట వారిందా, గాలిగొట్టం మూతి సరిగా ఉన్నదా, పట్టకారు బిగువుగా ఉన్నదా అని పరీక్షిస్తాడు. బీటలు వారిన కొలిమికి ఎంత గొప్ప తిత్తి కట్టినా ఆ గాలి పనికి రాదు సరికదా, ఉన్న గోడను కూడా కూల్చుతుంది.

నిత్యం రోడ్డు మీద తిరిగే మోటారు కారుకు సూపర్‌చార్జర్ తగిలించడం సరిగా ఇటువంటి పనే. పేరు కొత్తగా వినబడినా వస్తువు మన తిత్తికి దగ్గరి బంధువే. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో కానర్స్‌విల్ అనే పట్టణం ఉన్నది. అక్కడి రూట్స్ సోదరులు 1860లో ఒక గాలి యంత్రానికి పేటెంటు పొందారు. ఒక పెట్టెలో రెండు ఇనుప రెక్కలు ఒకదాని నొకటి తాకకుండా తిరుగుతూ గాలిని ఒక వైపునుంచి తీసికొని మరొక వైపుకు నెట్టుతాయి. ఆ యంత్రం కొలుములకు గాలి ఊదింది, గనులలోనికి మంచి గాలి పంపింది. మోటారు కార్లు పుట్టిన తరువాత అదే యంత్రం కార్ల ఇంజన్ల మీదికి ఎక్కి కూర్చున్నది. 1885లోనే గాట్లీబ్ డైమ్లర్ ఇంజనుకు బలవంతంగా గాలి పట్టించే పద్ధతికి పేటెంటు తీసికొన్నాడు. 1905లో స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషీ ఇంజను విడిచిపెట్టే పొగ వేగంతోనే ఆ గాలియంత్రాన్ని తిప్పవచ్చునని చెప్పి టర్బోచార్జరుకు దారి వేశాడు. 1921లో మెర్సిడెస్ వారు సూపర్‌చార్జర్ గల కార్లను ప్రజల ముందు పెట్టారు.

ఇంజను చేసే పని నాలుగు మాటలలో చెప్పవచ్చు: పీల్చడం, నొక్కడం, మండించడం, విడవడం. ఎంత గాలి పీల్చగలిగితే అంత పెట్రోలు మండించగలదు. ఎంత మండించగలిగితే అంత బలం. మామూలు ఇంజను తనంతట తాను పీల్చుకొన్న గాలితో సరిపెట్టుకొంటుంది. 1,200 సి.సి. ఇంజను నిమిషానికి 6,000 చుట్లు తిరిగేటప్పుడు ఎంత నిండుగా పీల్చినా నిమిషానికి 3,600 లీటర్ల గాలికి మించి లోపలికి పోదు. సూపర్‌చార్జర్ ఇంజను బెల్టుతోనే తిరుగుతూ ఆ గాలిని నొక్కి లోపలికి తోస్తుంది. బయటి వాతావరణం కంటె సగం ఎక్కువ ఒత్తిడితో తోసిందనుకొంటే, లెక్క ప్రకారం సగం ఎక్కువ గాలి పోవాలి. ఆ లాభంలో కొంత వేడికి పోతుంది, మరికొంత సూపర్‌చార్జరును తిప్పడానికే ఖర్చవుతుంది. మిగిలినది కూడా తక్కువేమీ కాదు. ఆశ పుట్టేది అక్కడనే.

ఆ ఆశ పుట్టడానికి ఖమ్మం, భద్రాచలం మధ్యనున్న దారి తగిన చోటు. కొత్తగూడెం చుట్టుపట్ల ఉపరితల గనులలో కొండంత మట్టిని మోసే డంపర్లు టర్బోచార్జర్ గల డీజిల్ ఇంజన్లతో నడుస్తాయి. కొత్తగూడెంలో ఉన్న రైలు స్టేషనుకు భద్రాచలం రోడ్ అని పేరు. బొగ్గు బండ్లను లాగడంలో ఒకప్పుడు పేరుపొందిన డబ్ల్యు.డి.ఎం.-2 రకపు డీజిల్ ఇంజను 16 సిలిండర్లతో, టర్బో సాయంతో 2,600 అశ్వశక్తి ఇచ్చేది. ఈనాడు రోడ్డు మీద పోయే లారీలలోను, జీపులలోను టర్బో లేని డీజిల్ బండి అరుదు. 1965లో భద్రాచలం వద్ద గోదావరి మీద వంతెన వెలసిన తరువాత పడవ కోసం వేచి ఉండే బాధ తీరింది. ఈవలి మోటార్లు ఆవలికి, చింతూరు అడవులకు, కుంట దిశకు, మారేడుమిల్లి కనుమకు నిరాటంకంగా పోతున్నవి. ఆ బరువు బండ్లు ఎత్తు ఎక్కుతూ ఉంటే ఈలవంటి సన్నని ధ్వని వినిపిస్తుంది. గాలి ఊదే ధ్వని అది. దాని వెనుక తన చిన్న కారులో రొప్పుతూ ఎక్కేవానికి, మనకు కూడా అటువంటిది ఒకటి ఉంటే బాగుండునని తోచడంలో తప్పు లేదు.

అటువంటి యువకుడొకడు ఖమ్మంలో ఉన్నాడనుకొందాం. కొత్తగా ఉద్యోగంలో చేరినాడు. తండ్రి వాడిన 1,200 సి.సి. పెట్రోలు కారు చేతికి వచ్చినది. లక్ష కిలోమీటర్లు తిరిగిన బండి. తల్లిదండ్రులను శ్రీరామనవమికి భద్రాచలం తీసికొని పోవాలి. అక్కడినుంచి చింతూరు మీదుగా కనుమ దాటి రాజమహేంద్రవరంలో అక్కగారింటికి చేరాలి. నలుగురు మనుషులు, సామాను, పైగా చలియంత్రం. కనుమ మొదట్లోనే బండి ఆయాసపడుతుంది. సూపర్‌చార్జర్ కొనడానికి సరిపడే సొమ్ము కూడబెట్టినాడు. తెలిసిన మేస్త్రీ వద్దకు పోయి, బిగించి పెట్టుమన్నాడు. మేస్త్రీ పనితెలిసిన మనిషి అయితే ఏమంటాడు?

"తిత్తి ఎప్పుడైనా కొనవచ్చు బాబూ, ముందు నీ బండి ఊపిరితిత్తులు చూడనీ" అంటాడు.

ఆ మాటలో సగం శాస్త్రం ఉన్నది. మొట్టమొదట చేయవలసినది కొనుగోలు కాదు, పరీక్ష. ఒక్కొక్క ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో గేజి పెట్టి, ఒక్కొక్క సిలిండరు ఎంత ఒత్తిడి నిలుపుతున్నదో చూడాలి. నాలుగు సిలిండర్లలో ఒకటి మిగిలిన వాటికంటె పదింట ఒక వంతు మించి వెనుకబడితే, ఆ ఇంట అరుగుదల ప్రవేశించినదన్నమాట. రింగులు అరిగాయా, వాల్వులు సరిగా మూసుకొనడం లేదా అన్నది తరువాత విచారించవలసిన సంగతి. నూనె ఒత్తిడి చూడాలి. సైలెన్సరునుంచి నీలిపొగ వస్తున్నదేమో చూడాలి. లక్ష కిలోమీటర్లు తిరిగిన ఇంజను మామూలు నడకలో ఇంకా చాలాకాలం సేవ చేయవచ్చు. దాని మీద ఒకటిన్నర రెట్ల గాలి రుద్దడం ముసలి ఎద్దు కాడి మీద వెదురు బండి బరువు పెంచడం వంటిది.

పరీక్ష నెగ్గిన తరువాత రెండవ ప్రశ్న వేడిని గురించినది. ఈ ప్రశ్నను చల్లని దేశాల పుస్తకాలు తేలికగా దాటవేయవచ్చు గాని గోదావరి తీరంలో దాటవేయడానికి వీలు లేదు. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సైకిలు పంపు మూతి పట్టుకొన్న పిల్లవానికి కూడా తెలిసిన విషయమిది. 30 డిగ్రీల గాలిని వాతావరణం కంటె సగం ఎక్కువ ఒత్తిడికి నొక్కితే, నడితరం సూపర్‌చార్జర్ నుంచి వచ్చే గాలి 85 డిగ్రీలు దాటుతుంది. ఎండాకాలంలో భద్రాచలం రోడ్డు మీద 45 డిగ్రీల గాలి పీల్చితే అదే యంత్రం 105 డిగ్రీల గాలిని ఇంజనులోనికి పంపుతుంది. వేడిగాలి పలుచన కనుక దానిలో ప్రాణవాయువు తక్కువ, లాభం తగ్గుతుంది. అంతకంటె పెద్ద ప్రమాదం మరొకటి ఉన్నది. దానినే మెకానిక్కులు నాకింగ్ అంటారు.

మామూలుగా ప్లగ్గు నిప్పు వేసినప్పుడు మంట వరిగడ్డి వాము అంటుకొన్నట్లు ఒక చివరనుంచి మరొక చివరకు వరుసగా పాకుతుంది. గాలి మితిమీరి వేడిగా, ఒత్తిడిగా ఉంటే ఆ మంట చేరకముందే మూలనున్న మిశ్రమం తనంతట తాను పేలుతుంది. గిన్నెలో గులకరాళ్ళు పోసి ఆడించినట్లు ధ్వని వస్తుంది. ఆ ధ్వని నాలుగు క్షణాలు సాగితే పిస్టన్ అంచులు విరిగిపోవచ్చు. అందుచేత నొక్కిన గాలిని ఇంజనులోనికి పంపకముందే చల్లార్చే ఇంటర్‌కూలర్ అనే జాలీని, పెద్ద రేడియేటరును సూపర్‌చార్జర్ ఖర్చులోనే కలిపి లెక్కపెట్టాలి. అవి ఈ ఎండలకు అలంకారాలు కావు.

మూడవ ప్రశ్న ఇంధనం. నాకింగును తట్టుకొనే శక్తిని ఆక్టేన్ సంఖ్యతో కొలుస్తారు. దీని విలువ ఎంతటిదో చెప్పడానికి హైదరాబాదు పేరుతో ముడివడిన ఒక చరిత్ర ఉన్నది. ఖమ్మం నిజాం రాజ్యంలో భాగంగా ఉన్న రోజులలో, రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, నిజాం విరాళాలకు గుర్తుగా బ్రిటిషు వైమానిక దళంలో కొన్ని దళాలకు హైదరాబాదు పేరు పెట్టారు. వాటిలో 152వ దళం 1940లో స్పిట్‌ఫైర్ విమానాలు నడిపింది. స్పిట్‌ఫైరుకు అప్పుడున్నది రోల్స్‌రాయిస్ మెర్లిన్ ఇంజను: పన్నెండు సిలిండర్లు, 27 లీటర్లు, సూపర్‌చార్జర్. 87 ఆక్టేన్ పెట్రోలుతో ఆ సూపర్‌చార్జర్ చదరపు అంగుళానికి ఆరుంబావు పౌన్ల అదనపు ఒత్తిడికి మించి ఇవ్వరాదు. 100 ఆక్టేన్ పెట్రోలు రాగానే 12 పౌన్లు ఇవ్వగలిగారు. సుమారు 1,000 అశ్వశక్తి ఇచ్చే ఇంజను కొద్ది నిమిషాలపాటు సుమారు 1,300 ఇచ్చింది. గాలియంత్రం మారలేదు; దానిని భరించగల ఇంధనం వచ్చింది. బలం ఇంధనం అనుమతించినంత మేరకే.

కనుక ఖమ్మం యువకుడు తాను నిత్యం పెట్రోలు పోయించుకొనే బంకులో ఏది దొరుకుతుందో దానికే ఇంజనును అమర్చుకోవాలి. మహానగరంలో ఎప్పుడో దొరికే ఖరీదైన పెట్రోలును నమ్మి ఇంజను కట్టించుకొంటే, చింతూరు అడవిలో ట్యాంకు ఖాళీ అయిన నాడు పశ్చాత్తాపం మిగులుతుంది. ఇప్పుడు మన దేశంలో అమ్ముతున్న పెట్రోలులో ఇథనాల్ 20 శాతం వరకు కలుస్తున్నది. ఇథనాలుకు నాకింగును అడ్డుకొనే గుణం ఉన్నది, ఆవిరవుతూ చల్లదనాన్నిస్తుంది. కాని దానిలో శక్తి పెట్రోలు కంటె తక్కువ కనుక అంతే పనికి ఎక్కువ పరిమాణం పోయాలి. పాత కారు రబ్బరు గొట్టాలు దానికి తట్టుకొంటాయా అన్నది కూడా చూచుకోవాలి.

నాలుగవది పిస్టన్ నొక్కే నిష్పత్తి. మామూలు పెట్రోలు ఇంజను గాలిని పదో వంతుకు నొక్కుతుందనుకొందాం. అప్పటికే ఒకటిన్నర రెట్లు నొక్కి ఉన్న గాలిని మళ్ళీ పదో వంతుకు నొక్కితే మోటు లెక్కకు పదిహేనో వంతు అయినట్లే. బంకులో దొరికే పెట్రోలు దానిని భరించదు. అందువల్ల సూపర్‌చార్జర్ పెట్టదలచినవారు తలభాగం లోతుగా ఉండే పిస్టన్లు ఎంచుకొని నిష్పత్తిని ఎనిమిది, ఎనిమిదిన్నర దగ్గరకు దించుతారు. దీనివల్ల తిత్తి ఇంకా బలంగా ఊదని నెమ్మది నడకలో ఇంజను కొంచెం మందగిస్తుంది. ఖమ్మం బజారులో రోజూ నడపవలసిన కారును మరీ దించితే అది పండుగనాటి గుర్రమై, మిగతా రోజులలో గాడిద అవుతుంది. ఎంత దించాలన్నది ఎంత గాలి ఊదాలన్నదానితోను, ఎక్కడ నడపాలన్నదానితోను కలిపి తేల్చుకోవలసిన లెక్క.

ఇక పిస్టన్లు. సాధారణ కార్లలో పోత పోసిన పిస్టన్లు ఉంటాయి. తేలికైనవి, చవకైనవి, నెమ్మదిగా నడిచే సంసారానికి చాలినవి. కాని నాకింగు దెబ్బకు పోత లోహం పెళుసుగా విరుగుతుంది. సమ్మెటతో కొట్టినట్లు ఒత్తి తయారుచేసిన పిస్టన్లు దెబ్బను ఓర్చుకొంటాయి. అవి వేడికి ఎక్కువ ఉబ్బుతాయి కనుక సిలిండరుకు, పిస్టనుకు మధ్య సందు కొంచెం ఎక్కువ వదలాలి. చల్లగా ఉన్న ఉదయం వేళ ఇంజను కొంచెం గలగలలాడుతుంది. ఆ గలగలను చూచి భయపడనక్కర లేదు.

రింగు ఎంత చిన్న వస్తువో దానిని మరచినందుకు పడే శిక్ష అంత పెద్దది. రింగు రెండు కొనల మధ్య కొంత ఎడం ఉంటుంది. వేడికి రింగు సాగినప్పుడు కొనలు ఒకదానినొకటి గుద్దుకొనకుండా ఆ ఎడం కాపాడుతుంది. మామూలు ఇంజనుకు సిలిండరు వ్యాసంలో ప్రతి అంగుళానికి అంగుళంలో వెయ్యింట నాలుగు వంతుల ఎడం చాలునని పాత లెక్క. సూపర్‌చార్జర్ ఉన్నచోట ఆరు వంతులు కావాలి. మూడంగుళాల సిలిండరుకు పన్నెండు వంతులకు బదులు పద్దెనిమిది. కంటికి ఆనని ఈ ఆరు వంతుల తేడాను నిర్లక్ష్యం చేస్తే, రింగు కొనలు గుద్దుకొని, రింగు సిలిండరును పట్టివేసి, పిస్టను అంచు ఊడివస్తుంది. చవకైన ఆకురాయితో, ఓపికతో ఒక సాయంత్రంలో చేయగల పని ఇది. ఇంజను ప్రాణం దానిమీద ఆధారపడి ఉన్నది.

కనెక్టింగ్ రాడ్ల విషయంలో చాలామందికి ఒక భ్రమ ఉన్నది. గాలి ఊదితే రాడ్డు విరుగుతుందని భయపడతారు. రాడ్డు మీద రెండు రకాల బలాలు పనిచేస్తాయి. మంట పిస్టనును నెట్టేటప్పుడు రాడ్డు నలుగుతుంది. మూడంగుళాల పిస్టను మీద డెబ్బై వాతావరణాల ఒత్తిడి వస్తే సుమారు మూడు టన్నుల బరువు పడినట్లు. గాలి ఊది ఆ ఒత్తిడిని తొంబైకి తెస్తే నాలుగు టన్నులు. పొగ విడిచే సమయంలో పిస్టను పైకి పోయి ఒక్కసారి వెనుదిరిగేటప్పుడు రాడ్డు సాగదీయబడుతుంది. ఉక్కు నలగడాన్ని ఓర్చుకొన్నంతగా పదే పదే సాగదీయడాన్ని ఓర్చుకోదు. ఈ లాగే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. 5,000 చుట్లనుంచి 6,000 చుట్లకు పోతే 44 శాతం ఎక్కువ. కనుక గాలి కొద్దిగా ఊది, చుట్లు పెంచకుండా నడిపేవానికి రాడ్ల బాధ తక్కువ; కనుమ ఎక్కడానికి కావలసినది కూడా చుట్లు కాదు, నెమ్మది నడకలోని పట్టు. రాడ్డు కంటె ముందు రాడ్డు బోల్టులు, బేరింగులు కొత్తవి వేయడం బుద్ధిమంతుల పద్ధతి. బేరింగుకు ప్రాణం నూనె. నూనె పంపు, నూనె చల్లబడే మార్గం చూచుకోవాలి. అడవి దారిని వెదురు తోలే బండివాడు ఇరుసుకు కందెన వేసి, శీల తట్టి చూచి గాని ఎద్దులను కట్టడు.

పైకప్పు సంగతి వేరు. లోపలి ఒత్తిడి పెరిగితే సిలిండరు తలను పైకి ఎత్తివేయాలని చూస్తుంది. మధ్యనున్న గాస్కెట్టు పల్చని ఉక్కు రేకుల పొరలతో చేసినదై ఉండాలి. బిగించే బోల్టులు బలమైనవై ఉండాలి. తల అడుగుభాగం సమంగా చెక్కించి ఉండాలి. వాల్వులను తెరిచే కామ్ షాఫ్టు విషయంలో రేసు బండ్లను చూచి మోసపోయేవారు ఉన్నారు. గాలి లోపలికి వచ్చే వాల్వు, పొగ బయటికి పోయే వాల్వు కొంతసేపు రెండూ తెరిచి ఉంచితే, తనంతట పీల్చే రేసు ఇంజనుకు లాభం. తిత్తి ఊదే ఇంజనులో ఆ రెండు తలుపులూ ఒకేసారి తెరిచి ఉంటే కష్టపడి నొక్కిన గాలి ఎదుటి తలుపునుంచి బయటికి పోతుంది. అందువల్ల ఈ రెండు తెరపులకు మధ్య ఎడం ఎక్కువ ఉన్న కామ్ షాఫ్టు మేలు. పొగ వాల్వులు వేడిని తట్టుకొనే ఉక్కువై ఉండాలి. ప్లగ్గులు ఒక మెట్టు చల్లనివై ఉండాలి. నిప్పు కొంచెం ఆలస్యంగా పడాలి. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు, పంపు, వాటిని నడిపే కంప్యూటరు కొత్త గాలికి సరిపడేంత పెట్రోలు ఇవ్వగలగాలి. గాలి పెరిగి పెట్రోలు పెరగకపోతే మంట పొడిబారి పిస్టను కరుగుతుంది.

ఇవన్నీ ఇంజనుకు సంబంధించినవి. బండికి సంబంధించినవి ఇంకా ఉన్నవి. క్లచ్చి పట్టు నిలుపుకోగలదా? గేరుపెట్టె పళ్ళు భరిస్తాయా? అన్నిటికంటె ముఖ్యం, బ్రేకులు. ఎక్కడానికి బలం కోరినవాడు దిగడానికి కూడా ఏర్పాటు చేసికోవాలి. మారేడుమిల్లి వంకరలు దిగేటప్పుడు సూపర్‌చార్జర్ ఏమీ సాయం చేయదు.

ఇంత చేసినా విజయం తథ్యమా అంటే, చరిత్ర కొంచెం నవ్వుతుంది. 1929లో ఇంగ్లండులో నాలుగున్నర లీటర్ల బెంట్లీ కారుకు సూపర్‌చార్జర్ అమర్చారు. దానికోసం క్రాంక్ షాఫ్టు, రాడ్లు, పిస్టన్లు బలపరచారు. రోడ్డు మీద నడిచే కారులోనే 110 అశ్వశక్తి 175 అయినది. ఆ సంస్థ స్థాపకుడు డబ్ల్యు.ఓ. బెంట్లీకి మాత్రం ఈ పద్ధతి నచ్చలేదు. బలం కావాలంటే పెద్ద ఇంజను కట్టుకోవాలన్నది ఆయన మతం. 1930లో ల మాన్ ఇరవైనాలుగు గంటల పందెంలో సూపర్‌చార్జర్ బెంట్లీలు రెండూ చివరికంటా నిలవలేదు. సూపర్‌చార్జర్ లేని ఆరున్నర లీటర్ల బెంట్లీలు మొదటి రెండు స్థానాలూ గెలుచుకొన్నవి. అయితే అదే సంవత్సరం పో నగరంలో జరిగిన ఫ్రెంచి గ్రాండ్ ప్రీలో బిర్కిన్ నడిపిన సూపర్‌చార్జర్ బెంట్లీ రెండవ స్థానం సంపాదించింది. తిత్తి తప్పు కాదు. ఇరవైనాలుగు గంటల ఓర్పు వేరు, కొన్ని గంటల శౌర్యం వేరు. రోడ్డు మీది కారుకు కావలసినది మొదటిది. ఆనాటి మెర్సిడెస్ కార్లలో సూపర్‌చార్జర్ ఎప్పుడూ తిరిగేది కాదు. యాక్సిలరేటరును అడుగంటా తొక్కినప్పుడు మాత్రమే అందుకొనేది. బలాన్ని అవసరానికి దాచుకొనే ఆ వివేకంలో గృహస్థధర్మం ఉన్నది.

ఇంతవరకు చెప్పినది యంత్రధర్మం. రాజధర్మం మరొకటి ఉన్నది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్ణయించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడానికి యజమానికి స్వేచ్ఛ లేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటను గట్టిగా చెప్పింది. రిజిస్ట్రేషను అధికారికి తెలియకుండా బిగించిన సూపర్‌చార్జరు తనిఖీలో పట్టుబడవచ్చు. ప్రమాదం జరిగిననాడు బీమా చేతికి రాక చిక్కుపెట్టవచ్చు. తల్లిదండ్రులను వెనుక సీటులో కూర్చోబెట్టుకొని పోయేవాడు ఈ సంగతిని చివర గాక మొదటనే తేల్చుకోవాలి. వేగమే సరదా అయినవారికి శ్రీపెరుంబుదూరు సమీపాన ఇరుంగట్టుకోట్టై వంటి పందెపు బాటలు ఉన్నవి. బలం మాత్రమే కావలసినవారికి కర్మాగారంలోనే టర్బో అమర్చిన చిన్న కార్లు దొరుకుతున్నవి. వాటిలో పిస్టన్లు, రింగులు, నూనె దారులు మొదటినుంచి ఆ గాలికోసమే ఎంచుకొన్నవి. గని డంపరు, బొగ్గు రైలు ఇంజను అలసట లేకుండా పనిచేయడంలోని రహస్యం కూడా అదే. వాటికి తిత్తి తరువాత తగిలించినది కాదు. తిత్తిని తలచుకొని కొలిమి కట్టినారు.

ఖమ్మం యువకుడు ఈ జాబితా అంతా విన్న తరువాత కూడబెట్టిన సొమ్ముతో ఏమి చేయగలడు? మేస్త్రీ లెక్క వేసి చూపితే సొమ్ములో పావు వంతు కూడా సూపర్‌చార్జరుకు మిగలదు. కొత్త రింగులు, బేరింగులు, గాస్కెట్టు, వాల్వుల నూరుడు, రేడియేటరు శుభ్రం, క్లచ్చి పళ్ళెం, బ్రేకులు: వీటికే సరిపోతుంది. ఒక మనసు నిరాశపడుతుంది. మరొక మనసు లెక్క చూస్తుంది. అరిగిన ఇంజను కోల్పోయిన బలాన్ని ఈ వస్తువులే తిరిగి ఇస్తాయి. కొన్నిసార్లు మనిషి వెదికే అదనపు బలం, తాను పోగొట్టుకొన్న పాత బలమే.

ఊపిరి ఉంటే ఉప్పు అమ్ముకొని బ్రతకవచ్చునని పెద్దలంటారు. ఇంజను విషయంలోను అది నిజమే. ఊపిరి నిలబడితే చాలు, తిత్తి సంగతి మరుసటి ఏడాది చూచుకోవచ్చు. పాల్వంచ దాటిన తరువాత అడవి దగ్గరపడుతుంది. సారపాక వద్ద దారి మలుపు తిరిగితే గోదావరి కనబడుతుంది. ఆ వంతెన మీద ఒక సాయంకాలం ఆయాసం లేకుండా, గలగల లేకుండా ఒక పాత కారు నెమ్మదిగా దాటిపోతూ ఉంటే, వెనుక సీటులోని తల్లి కిటికీ దించి నదికి దండం పెట్టుకొంటుంది. ఆమెకు పిస్టన్ల సంగతి తెలియదు, రింగుల ఎడం తెలియదు. ఈసారి బండి దారిలో ఆగలేదని మాత్రం తెలుసు.